ఒక్క పేరూ తీయనన్న నౌషీన్

మా నౌషీన్ కష్టపడి సాధించిన మొట్టమొదటి గెలుపు తెలుగు టైపు లోయర్ పరీక్షలో ఫస్టు క్లాసు. అది 2001లో. పరీక్షకి కట్టేటప్పుడు ఇనిస్టిట్యూట్ మాస్టారు, "మీ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కదమ్మా, ఇంగ్లీషు లోయర్‌కి కట్టుకో, తెలుగు మిషను నీవల్ల కాదు" అన్నాడు. మొదటిసారి తప్పింది కూడా. పరీక్షలో ఆమెకి ఇచ్చిన మిషను సగంలో పట్టేసింది. మాస్టారు "నేను చెప్పలా" అన్నాడు. రెండోసారి అదే పరీక్షకి కూర్చుని ఫస్టు క్లాసు తెచ్చుకుంది. మరుసటి ఏడు హయ్యరూ పాసైంది. ఆ మాస్టారి పేరు ఇక్కడ రాయను. ఆయన తెనాల్లోనే ఉన్నాడు, మన గ్రంథాలయం సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది. చదువుకోనీండి.

ఇదంతా నాకెలా తెలుసంటారేమో. నా పేరు వెంకటరాఘవయ్య. మాది కొలకలూరు. చదువు ఆ ఊరి బడిలో అయిదో తరగతి దాకా. ఆ తర్వాత చదివిందంతా సీసపు అక్షరాల్లోనే, అదీ తిరగేసి. బోసు రోడ్డు పక్క సందులో లాల్ అహమ్మద్ ప్రెస్సు ఉంది చూశారా, వాళ్ల నాన్నగారి కాలంలో అందులో కంపోజిటరుగా చేరాను. తెనాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నేను అక్షరాలు పేర్చిన శుభలేఖ చేరని ఇల్లు తక్కువ. నా చేతి కింద ఒక్క ముహూర్తం తప్పు పడలేదు. కంప్యూటర్లు వచ్చి సీసం తూకానికి వెళ్లిపోయాక కూడా నన్ను పొమ్మనలేదు. ఇప్పుడు నా పని ప్రూఫులు చదవడం. లాల్ అహమ్మద్ నన్ను రాఘవయ్యన్నా అంటాడు. ఆయన కూతురు నౌషీన్ తండ్రిని అబ్బా అంటుంది, నన్ను పెదనాన్నా అంటుంది. టైపు పరీక్షకి ఆ పిల్ల మిషను కొడుతుంటే పక్కన కూర్చుని పైకి చదివింది నేనే. కాబట్టి ఆ ఫస్టు క్లాసులో నాకూ ఒక వాటా ఉందని నేను చెప్పుకుంటాను. ఎవరూ కాదనలేదు.

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. శుభలేఖకి ప్రూఫు తీశాక ఆ ఇంటి పెద్ద వచ్చి మా బల్ల మీద కూర్చోవాలి. మేము పైకి చదవాలి. వాళ్లు వినాలి. చదువు రాకపోయినా ఫరవాలేదు, చెవులుంటే చాలు. విని "సరే, వెయ్యండి" అంటేనే మిషను తిరుగుతుంది. మేనమామ పేరు లేకపోతే చదువుకున్న కుర్రాళ్ల కళ్లు దాటిపోతుంది గాని ముసలమ్మ చెవి దాటదు. "మా తమ్ముడి పేరేదయ్యా?" అని అక్కడే ఆపేస్తుంది. పేరు లేని శుభలేఖ పట్టుకుని పిలవడానికి వెళితే ఆ మేనమామ పెళ్లికి రాడు, వచ్చినా విస్తరి ముందు కూర్చోడు. ఇక పోయినవాళ్ల పేర్లంటారా, ముందు కీర్తిశేషులు అని చేరుస్తాం. పోయారు కదా అని తీసెయ్యం. పెద్దల పేర్లు పైన, పిలిచేవాళ్ల పేర్లు అడుగున. హిందువుల ఇంటికైనా, ముస్లింల ఇంటికైనా, క్రైస్తవుల ఇంటికైనా మా ప్రెస్సులో ఇదే వరస.

2006లో విజయసారథి అని బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు, చిన్నవాడే, చెల్లెలి శుభలేఖ వేయించుకోవడానికి మా దగ్గరికొచ్చాడు. వాళ్ల నాన్నగారిని కూర్చోబెట్టి నేను చదువుతుంటే ఈ కుర్రాడి చూపంతా నౌషీన్ వేళ్ల మీదే ఉంది. నేను గమనించి దగ్గాను. ఆయన చూస్తున్నది వేరే సంగతి. ఆమె తెలుగు కొట్టే వేగం.

"మీకు తీరికున్నప్పుడు చేసే పని ఒకటుందండి. జీతం మాత్రం ఉండదు" అన్నాడు.

"జీతం లేని పని మా ఇంట్లో చాలా ఉందండి. కొత్తగా ఇదేంటి?" అంది నౌషీన్.

అదే ఈ బ్లాగుల పని. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బ్లాగంటే కంప్యూటర్లో ఎవరి పత్రిక వాళ్లు పెట్టుకోవడం. రాసింది వెంటనే లోకమంతా చూడొచ్చు, చదివినవాళ్లు కిందే జవాబు రాయొచ్చు. అలా రాసుకోవడానికి చోటిచ్చే సైటు ఒకటి పై దేశం వాళ్లు పెట్టారు. దాని పేరు నాకు నోరు తిరగదు, మేమంతా బ్లాగుల సైటనే అంటాం. అందులో నొక్కే బొత్తాలు, అది చెప్పే కబుర్లు, చేసే హెచ్చరికలు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎవరి భాషలోకి వాళ్లు మార్చుకుంటామంటే చోటిస్తారు, జీతం ఇవ్వరు. మన దేశపు భాషల సంగతి చూసే ఆఫీసు పూణేలో ఉంది. తెలుగు పని విజయసారథి మొదలుపెట్టాడు, ఒక్కడే అయిపోయాడు.

లాల్ అహమ్మద్‌కి సంగతి అర్థమైంది. "అంటే ఇక ప్రెస్సుతో పని లేకుండా ఎవరి రాత వాళ్లు అచ్చేసుకుంటారన్నమాట. మన దుకాణం మూయించడానికి మన అమ్మాయే ఉచితంగా చాకిరీ చెయ్యాలా?"

"పెళ్లిళ్లు కంప్యూటర్లో జరగవులే అబ్బా" అంది నౌషీన్.

విజయసారథి అప్పటికే కొంత తెలుగు చేసి ఉంచాడు. నౌషీన్ దాన్ని కాగితం మీద తీసి, మా పద్ధతి ప్రకారం బల్ల మీద వాళ్ల నాన్నమ్మ కరీమాబీ గారిని కూర్చోబెట్టి పైకి చదివింది. కరీమాబీ గారికి తెలుగు రాయడం చదవడం రాదు గాని మాటకేం లోటు లేదు, తెనాలి కూరగాయల మార్కెట్టుకి ఆ సంగతి తెలుసు.

"మీ వ్యాఖ్య అనుమోదన నిరీక్షణలో ఉన్నది."

ఆవిడ పక్కకి తిరిగి, "ఎవరిదే ఈ కోర్టు కాగితం? మనమీద ఎవరు వేశారు కేసు?" అన్నారు.

నౌషీన్ నవ్వు ఆపుకుని, ఎవరైనా మన రాత కింద జవాబు రాస్తే, మనం చూసి సరేనన్నాకే అది అందరికీ కనబడుతుందని చెప్పింది.

"అయితే అలాగే చెప్పచ్చుగా."

అప్పుడది "మీ మాట అందింది. బ్లాగు రాసినవారు చూశాక ఇక్కడ కనబడుతుంది" అయింది. కరీమాబీ గారు తలూపి, "ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది" అన్నారు.

ఆ రోజు నౌషీన్ ఒక నిబంధన పెట్టింది. కంప్యూటర్ ఎన్నడూ చూడని పెద్దలు విని సరే అంటేనే ఏ వాక్యమైనా లోపలికి వెళ్లాలి. విజయసారథికి మొదట ఎక్కలేదు. "కంప్యూటర్ చూడనివాళ్లకి చదివితే లాభమేంటండి?"

"చూసినవాళ్లకి ఇంగ్లీషు అలవాటైపోయిందండి. వాళ్లకి మనమేం రాసినా అర్థమైనట్టే ఉంటుంది. చూడనివాళ్లే చెప్పాలి."

ఆమె అన్న ఆ మాటని నేను చాలా చోట్ల చెప్పాను. ఇక్కడ అచ్చులో కూడా ఉండాలని చెబుతున్నాను.

అలా మూడు ఊళ్లలో పని నడిచింది. బాపట్లలో విజయసారథి కంప్యూటర్ పని చూసేవాడు. తెనాల్లో నౌషీన్ వాక్యాలు రాసి కొట్టేది, మా బల్ల మీదికి వచ్చిన పెద్దలందరికీ శుభలేఖతోపాటు ఇవీ చదివి వినిపించేవాళ్లం. రేపల్లెలో బస్టాండు ఎదురుగా జిరాక్సు కొట్టు పెట్టుకున్న కుసుమకుమారి ఉంది. నౌషీన్‌తో కలిసి టైపు హయ్యరు రాసిన మనిషి, వయసులో పెద్దది, గొంతు ఇంకా పెద్దది. కాగితాలు రేపల్లె ప్యాసింజర్లో తెలిసినవాళ్లకిచ్చి పంపితే, ఆమె కొట్టు ముందు బస్సుల కోసం కూర్చున్నవాళ్లకి చదివి వినిపించేది. ఎవరైనా "అంటే ఏంటి?" అన్నారా, ఆ వాక్యం మళ్లీ తెనాలి రావలసిందే. మొదటి నెలల్లో వెళ్లినవాటిలో వెనక్కి రానివి తక్కువ. నౌషీన్ ఒక్కసారి విసుక్కోలేదు.

ఒక ఆదివారం నౌషీన్, విజయసారథి, నేను ముగ్గురం రేపల్లె వెళ్లాం. పెనుమూడి బస్సు ఇంకా రాలేదు. కొట్టు ముందు బల్ల మీద చెంచురామయ్య అనే రైతు కూర్చుని ఉన్నాడు. పెనుమూడి మనిషి, మిల్లుకి ధాన్యం తోలుకొచ్చి తిరిగి వెళుతున్నాడు. కుసుమకుమారి కాగితం తీసి చదివింది.

"టపా విజయవంతంగా తొలగించబడింది."

"ఏంటమ్మాయ్, మళ్లీ చదువు."

చదివింది.

"టపా అంటే ఏంటి?"

"నువ్వు కంప్యూటర్లో రాసుకున్న కబురనుకో బాబాయ్."

"నేను రాసుకుంది పోయిందా?"

"పోయింది."

"పోతే విజయం ఎవరికి?"

బస్సుకోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. విజయసారథి ముందుకొచ్చి, "అలా అనడం పద్ధతండి. చెప్పిన పని పూర్తయిందని దానర్థం" అన్నాడు.

"మొన్న తుఫానుకి నా చేను పోయింది. విజయవంతంగా పోయిందే అని మా ఆవిడతో చెప్పమంటావా?"

"మరి ఏమనాలంటారు బాబాయ్?" అని నౌషీన్ అడిగింది. ఆమె పెన్ను అప్పటికే చేతిలో ఉంది.

"తీసేశాం అను. పోయిందని తెలుస్తుంది, తీసింది మీరేనని తెలుస్తుంది. ఇంకేం కావాలి?" అని విజయసారథి వైపు తిరిగాడు. "నీ పేరేంటి బాబూ?"

"విజయసారథి అండి."

"విజయం నీ పేర్లో ఉందిగా, చాలు. ఇందులో పెట్టకు."

అందరికంటే ఎక్కువ నవ్వింది విజయసారథే. మంచి మనిషి. ఆ రోజు నుంచి మా తెలుగులో ఎక్కడా విజయవంతం లేదు. చేర్చాం, మార్చాం, పంపాం, తీసేశాం. పని చేసినవాళ్లు చెప్పుకున్నట్టే.

చెంచురామయ్య అప్పట్నుంచి మిల్లు పని లేకపోయినా వచ్చేవాడు. బస్సు టైముకి చాలా ముందే వచ్చి, "ఇవాళ ఏం తెచ్చారు?" అని కూర్చునేవాడు. ఒకసారి రాత పూర్తిగా చెరిపేసే చోట హెచ్చరిక అడుగున ఉందని చదివితే, "గోతిలో పడ్డాక గొయ్యి ఉందని చెబితే ఏం లాభం? ముందు చెప్పు" అన్నాడు. "ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు. తీసెయ్యమంటారా?" అన్న వాక్యం ఆయనది. సగం పని ఆయన చెవిలోంచి దాటి వచ్చిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

2007 వానాకాలంలో జ్వరంతో పోయాడు. కుసుమకుమారి ఫోను చేస్తే నౌషీనూ నేనూ పెనుమూడి వెళ్లాం. ఆయన భార్య మాణిక్యాంబ గారు మమ్మల్ని చూసి, "మీరేనా కాగితాలవాళ్లు? ఎప్పుడూ మీ కబుర్లే చెప్పేవాడు" అన్నారు.

"బాబాయ్ పేరు కూడా పడుతుంది పిన్నిగారూ, దాంట్లో" అంది నౌషీన్.

"ఎక్కడ?"

"కంప్యూటర్లో. తెలుగు ఎక్కడ కనబడితే అక్కడ."

"పడ్డాక నాకు చూపించమ్మా" అన్నారావిడ. అంతే అన్నారు. నౌషీన్ "చూపిస్తానండి" అంది.

ఆ సంవత్సరం చివరికి పని పూర్తయింది. ప్రతి భాషకీ పనిచేసినవాళ్ల పేర్లతో ఒక పేజీ ఉంటుంది, అది మీరు నింపండని విజయసారథి అన్నాడు. నౌషీన్‌కి పేర్ల పేజీ అంటే తెలిసిన పద్ధతి ఒక్కటే. వయసులో పెద్దగా కరీమాబీ గారి పేరు అన్నిటికంటే పైన. దాని కింద నాది. తర్వాత కీర్తిశేషులు పెనుమూడి చెంచురామయ్య. ఆ తర్వాత తెనాలి బల్ల మీదా, రేపల్లె బల్ల మీదా కూర్చుని విన్న పెద్దలంతా ఊరి పేర్లతో సహా. అడుగున విజయసారథి, కుసుమకుమారి, అన్నిటికంటే కింద తన పేరు. నేను ప్రూఫు చదివాను. కరీమాబీ గారు విని సరే అన్నారు. సైటువాళ్ల కోసం విజయసారథి అవే పేర్లు ఇంగ్లీషులోనూ రాశాడు. కీర్తిశేషులు అన్నచోట చనిపోయారని తెలిసేలా రాశాడు. అంత చదువుకున్న మనిషికి కూడా అందులో తేడా కనబడలేదు. మనకి కనబడదు, ఎందుకంటే మనం పుట్టినప్పట్నుంచీ పేర్లు అలాగే చూశాం.

పూణేవాళ్లకి కనబడింది. జనవరిలో మెయిలొచ్చింది. విజయసారథి దాన్ని తెలుగు చేసి ప్రెస్సులో చదివాడు. మీరిచ్చిన పేర్లలో చాలామందికి మా సైటులో ఖాతాలే లేవు. పైవరసలో ఉన్న ఒకాయన చనిపోయాడని మీరే రాశారు. చనిపోయిన మనిషి వాలంటీరు ఎలా అవుతాడు? మీ జట్టు పెద్దదని చూపించుకోవడానికి దొంగ పేర్లు చేర్చారని మాకు అనుమానం. ఆ పేర్లు తీసేసేదాకా తెలుగు మొత్తం ఆపుతున్నాం. ఫిబ్రవరి దాటితే మార్చిలో వచ్చే కొత్త సైటులో తెలుగు ఉండదు.

దొంగ పేర్లు. ఆ మాట విన్నాక నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. బతికున్న నన్ను దొంగ పేరన్నారు, పోయిన ఆయన్నీ దొంగ పేరన్నారు.

"తీసెయ్ బేటీ" అన్నాడు లాల్ అహమ్మద్. "పని ముఖ్యం గాని పేర్లదేముంది?"

"అబ్బా, మన ప్రెస్సులో ఎప్పుడైనా పోయినవాళ్ల పేరు తీసి శుభలేఖ వేశావా?"

"అది పెళ్లి."

"ఇదీ నలుగురూ కలిసి చేసిందే."

లాల్ అహమ్మద్ నా వైపు చూశాడు. నేను ఆయనవైపు మాట్లాడతానని అనుకున్నాడు కాబోలు. నేను పేర్ల ప్రూఫు తీసి ఆయన ముందు పెట్టాను.

విజయసారథి ఒక దారి చెప్పాడు. "కాలేజీ ల్యాబులో కూర్చుంటే ఒక్క సాయంత్రంలో అందరి పేర్ల మీదా నేనే ఖాతాలు తెరిచేస్తానండి. వాళ్లడిగింది ఖాతాలేగా."

"అప్పుడు వాళ్లన్నది నిజమైపోతుంది సార్" అంది నౌషీన్. "ఎవరి ఖాతా వాళ్లే తెరుస్తారు. వాళ్లకి రాదని ఎందుకనుకోవాలి?"

ఆ వారం మేమంతా ప్రెస్సు పక్కనున్న నెట్ సెంటరుకి వెళ్లాం. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లున్నారు. సెంటరు కుర్రాడు లేచి నిలబడి, "ఏంటి తాతగారూ, పెన్షన్ ఆఫీసు ఇటు కాదండి" అన్నాడు.

"పెన్షన్ కాదులే నాయనా, మేము బ్లాగులవాళ్లం" అన్నాను.

కరీమాబీ గారిని ముందు కూర్చోబెట్టాం. పుట్టిన సంవత్సరం అడిగింది సైటు. ఆవిడ, "పెద్ద వరదొచ్చిన ఏడు" అన్నారు. ఏ వరదని అడిగితే, "మా అమ్మ చెప్పిన వరద" అన్నారు. నౌషీన్ లెక్క కట్టి చెబితే అంకెలు ఆవిడే నొక్కారు, ఒక్కో మీటనీ వెతుక్కుని. నావంతు వచ్చాక నేను ఎవర్నీ అడగలేదు. డెబ్భై దాటాక నాకు మెయిలు ఐడీ వచ్చింది, మా మనవడి కంటే ముందు. రేపల్లెలో కుసుమకుమారి కొట్లో అక్కడి పెద్దలూ అలాగే కూర్చున్నారు. ఎవరు ఏ వాక్యం విని మార్చమన్నారో ఆ వాక్యం కింద ఎవరి ఖాతాలోంచి వాళ్లే "నేను విన్నాను, సరే" అని కొట్టారు, చదువు రానివాళ్లకి మేము మీటలు చూపించాం.

పూణే నుంచి రెండో మెయిలొచ్చింది. ఈసారి మర్యాదగా ఉంది. ఖాతాలున్నవాళ్లందరి పేర్లూ ఉంచుతాం, చనిపోయిన ఆయన పేరు మాత్రం తీసెయ్యండి, రూలు అలా ఉంది అన్నారు.

విజయసారథి బాపట్ల నుంచి ఫోనులోనే సంతోషపడ్డాడు. "ఒక్క పేరే కదండీ. ఒక్కటి తీస్తే తెలుగు బయటికొస్తుంది. ఆయనుంటే ఆయనే తీసెయ్యమనేవారు."

"ఆయన లేరు కదా సార్, ఆయన తరఫున మనమెలా చెబుతాం?" అంది నౌషీన్. "మాణిక్యాంబ గారికి చూపిస్తానని చెప్పాను. చూపించాల్సిన పేరే లేకపోతే ఏ మొహం పెట్టుకుని పెనుమూడి వెళ్లను? నేను తీయను. తీసేట్టయితే నా పేరూ తీసెయ్యండి."

కుసుమకుమారికి విజయసారథే ఫోను చేసి, నువ్వైనా చెప్పమని అడిగాడట. ఆమె, "అది మీ నాన్న పేరైతే తీస్తావా సారథీ?" అందట. దాంతో ఆయన వాదన మానేశాడట. తర్వాత, "ఫిబ్రవరిలో పూణేలో అన్ని భాషలవాళ్ల సమావేశం ఉంది. మన జట్టు నుంచి ఇద్దరు రావచ్చన్నారు. నువ్వూ నౌషీనూ వెళ్లండి. నేను టిక్కెట్లు తీస్తాను" అన్నాడు.

ఊళ్లో మాటలు మామూలే. పోయినవాడి పేరుకోసం ఆడపిల్ల పూణే దాకా వెళుతుందట అన్నారు. చుట్టం కాదు, కులం కాదు, మతం కాదు, ఆయన ఆమెకి ఏమవుతాడు అన్నారు. మా ప్రెస్సు మెట్ల మీద నిలబడి ఒకాయన ఈ మాట నాతోనే అన్నాడు. "మీ అమ్మాయి శుభలేఖలో మీ పాలేరు పేరు వేయించారు, గుర్తుందా? ఆయన మీకేమవుతాడు?" అని అడిగాను. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లాల్ అహమ్మద్‌కి ప్రయాణం సంగతే దిగులు. అంత దూరం, తెలియని ఊరు. కరీమాబీ గారే తెగేసి చెప్పారు, పిల్ల వెళుతుందని. బయల్దేరేటప్పుడు నౌషీన్‌కి ఆవిడ చెప్పింది నేను విన్నాను. "గట్టిగా మాట్లాడకు. మెల్లగా చెప్పు. కాని చెప్పడం అయ్యేదాకా కూర్చోమన్నా కూర్చోకు."

నిన్న, ఆదివారం, సమావేశం ముగిశాక ప్రెస్సుకి ఫోను వచ్చింది. లాల్ అహమ్మద్ ఎత్తి రెండు మాటలు మాట్లాడి రిసీవరు నాకిచ్చేశాడు.

"పెదనాన్నా, తీయలేదు."

"ఎవర్ని?"

"ఎవర్నీ తీయలేదు."

నెమ్మదిగా చెప్పమన్నాను. చెప్పింది. తెలుగు వంతు వచ్చినప్పుడు పూణే పెద్ద లేచి, మీ జట్టు పని బాగుంది, ఆ ఒక్క పేరు సంగతి తేల్చేస్తే అయిపోతుందన్నాడట. కంప్యూటర్ ముట్టుకోని మనిషి, ఇప్పుడు లేని మనిషి, ఆయన ఏం చేశాడని అడిగాడట. నౌషీన్ గోడ మీద బొమ్మ పడేచోట ఇంగ్లీషు సైటు తెరిచి, తను రాసుకున్న ఒక రాతని అందరి ముందూ చెరిపేసిందట. విజయవంతంగా చెరిపేశామని ఇంగ్లీషులో పడింది. "ఇప్పుడు నా రాత పోయింది. విజయం ఎవరికి?" అని అడిగిందట. హాలంతా నవ్వారట. మలయాళం జట్టు అమ్మాయి, మా భాషలోనూ అదే ఉంది, మాకెవరూ చెప్పలేదే అందట. అప్పుడు నౌషీన్ తెలుగు సైటు తెరిచి, ఇది అడిగిన మనిషి పేరే మీరు తీసెయ్యమంటున్నారు అని చెప్పిందట.

పూణే ఆయన మంచివాడేనట. అయినా రూలు రూలే అన్నాడు. చనిపోయిన మనిషికి ఖాతా ఎలా ఇస్తాం అన్నాడు.

"అప్పుడేమన్నావమ్మా?"

"సరే సార్, ఆయన పేరు తీసెయ్యండి, ఆయన మార్చిన వాక్యాలు కూడా తీసెయ్యండి అన్నాను. మాట ఉంచుకుని మనిషిని తీసెయ్యడం మాకు చేతకాదన్నాను."

"కూర్చున్నావా?"

"కూర్చోమన్నారు. కూర్చోలేదు."

ఆ వాక్యాలు ఎక్కడెక్కడున్నాయో అక్కడే వెతికించారట. చేర్చిన చోట, మార్చిన చోట, పంపిన చోట, తీసేసిన చోట, ప్రతి పేజీలో ఉన్నాయి. అవన్నీ తీస్తే తెలుగే మిగలదని వాళ్లకే తెలిసింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత వాళ్లు మాట్లాడుకుని రూలు మార్చారు. విని సరిచేసినవాళ్లు కూడా పనిచేసినవాళ్లే, వాళ్లకి ఖాతా ఉన్నా లేకపోయినా, వాళ్లు ఉన్నా లేకపోయినా. అన్ని భాషలకీ అదే రూలు. తెలుగు ఆపుదల ఎత్తేశారు. పేర్లు మేము పంపిన వరసలోనే ఉన్నాయి. కుసుమకుమారి ఫోను లాక్కుని, "రాఘవయ్యగారూ, మీ పేరు గోడమీద ఇంత పెద్దది పడిందండి" అని అరిచింది. నేను నమ్మాను గాని, ఆమె అబద్ధం చెబితే కూడా అంత గట్టిగానే చెబుతుంది.

ఆడపిల్ల అన్నారు, ఉర్దూ ఇల్లన్నారు, పిచ్చి అన్నారు. అన్నవాళ్లందరూ మన ఊళ్లోనే, మన జిల్లాలోనే ఉన్నారు. మార్చిలో సైటు బయటికొస్తుంది. వాళ్లలో ఎవరికైనా బ్లాగు రాసుకోవాలనిపిస్తే రాసుకోవచ్చు. తెలుగులోనే అడుగుతుంది, తెలుగులోనే చెబుతుంది. మేము ఎవర్నీ వద్దనం.

ఇది రాసేనాటికి సోమవారం. సంచిక ఇవాళే అచ్చుకి వెళ్లాలి, అమ్మాయి దిగాక వచ్చే సంచికలో రాద్దామని కొందరన్నారు. నేను ఆగలేదు. పూణేలో బండెక్కామని ఇందాకే కబురు చేశారు. పెనుమూడికి నేను మనిషిని పంపాను. పేజీ నెట్ సెంటర్లో చూపిస్తారని చెప్పించాను. మాణిక్యాంబ గారు, సెంటరుకి తర్వాత వెళతాను, ముందు ఆ పిల్లని చూడాలి, స్టేషనుకే వస్తానన్నారట. లాల్ అహమ్మద్ ప్రెస్సుకి సెలవు పెట్టాడు, నాకు తెలిసి పెళ్లిళ్ల రోజుల్లో సెలవు పెట్టడం ఇదే మొదలు. రావాలనుకున్నవాళ్లు మీరూ రండి. నౌషీన్ తెనాల్లో దిగేది 2008 ఫిబ్రవరి 19, మంగళవారం.